కుడి ఖాళీ, ఎడమ ఖాళీ

ఇసావో ఈ వసంతంలోనే రైల్వేలో రిటైరయ్యాడు. ఆయన చూపుడువేలు మాత్రం ఇంకా ఉద్యోగంలోనే ఉంది.

పొద్దున్నే గ్యాస్ పొయ్యి ఆర్పగానే ఆ వేలు లేచి పొయ్యి వైపు చూపిస్తుంది, నోరు "పొయ్యి, ఆరింది" అంటుంది. గుమ్మం దాటితే "తలుపు, వేసి ఉంది" అంటుంది. సముద్రం పక్కనే సాగే చిన్న లైను మీద జీవితమంతా రెండు పెట్టెల డీజిల్ బండి నడిపిన మనిషి. బండి నడిపేవాడు కంటితో చూస్తే సరిపోదు. వేలు పెట్టి చూపించాలి, నోటితో పైకి చెప్పాలి. అప్పుడే చూసినట్టు లెక్క. ఆయన కుర్రతనంలో బండికి ఇద్దరుండేవారు. ఇసావో "సిగ్నల్, పచ్చ" అంటే పక్కనున్న సహాయకుడు కూడా "సిగ్నల్, పచ్చ" అని తిరిగి చెప్పేవాడు. తర్వాత ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్క మనిషి చాలన్నారు. అప్పట్నించీ ఇసావో చెప్పినదానికి బదులు పలికే గొంతు లేకుండా పోయింది. ఆయన చెప్పడం మాత్రం మానలేదు.

భార్య ఫుమియె దీన్ని భరించడం ఎప్పుడో నేర్చుకుంది. చారులో ఉప్పు సరిపోయిందని కూడా వేలు చూపించి చెప్తే విని తరిస్తానని అప్పుడప్పుడు దెప్పుతుంది, అంతే.

ఈ ఇంట్లో మూడో మనిషి కూడా ఉన్నాడు. ఉన్నాడనే గాని కనబడడు.

వాళ్ళ ఒక్కగానొక్క కొడుకు షూహే ఒసాకాలో ఉద్యోగం చేసేవాడు. ఏదో లెక్క తప్పాడని పొద్దుటి సమావేశంలో అందరి ముందూ నిలబెట్టి, చేసిన తప్పుని గట్టిగా పదే పదే చెప్పించారట. ఒక వారం విశ్రాంతి తీసుకుంటానని ఇంటికొచ్చి, నడవా చివరి గదిలోకి వెళ్ళి, కాగితం తలుపు పక్కకి లాగి మూసుకున్నాడు. ఆ వారం ఇంకా పూర్తి కాలేదు. ఇప్పటికి నాలుగేళ్ళు గడిచాయి.

కొడుకు దాక్కున్న ఇంట్లో తల్లిదండ్రులు కూడా కొన్ని పద్ధతులు నేర్చుకుంటారు. ఫుమియె పూటపూటా తలుపు ముందు భోజనం పళ్ళెం పెట్టి, అడుగుల చప్పుడు బాగా వినబడేలా నడిచి వెళ్ళిపోతుంది. కాసేపటికి పళ్ళెం ఖాళీగా బయట ఉంటుంది. బజారుకి వెళ్ళేటప్పుడు గుమ్మంలో నిలబడి, ఊరంతటికీ చెప్తున్నట్టు, "మేం వెళ్ళొస్తాం, మధ్యాహ్నం దాకా రాం" అని అరుస్తుంది. వాడు స్నానం చెయ్యాలంటే అదే సమయం. ఒకసారి వాన ముంచుకొచ్చి త్వరగా తిరిగొచ్చారు. లోపల నీళ్ళ చప్పుడు వినబడింది. మాట్లాడుకోకుండానే ఇద్దరూ వెనక్కి తిరిగి, బస్సు స్టాపు రేకు కింద మధ్యాహ్నం దాకా కూర్చున్నారు.

ఇసావో మొదట్నించీ ఇంత మెత్తగా లేడు. తను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం. మొదటి ఏడాది ఆ తలుపు ముందు నిలబడి, జన్మలో ఒక్కరోజు బండి ఆలస్యం చెయ్యని తనకి ఇలాంటి కొడుకా అని, వీధిలోకి ఏ మొహం పెట్టుకుని వెళ్ళాలని కేకలేశాడు. ఒకనాడు ఆ కోపంలో గుద్దిన గుద్దుకి తలుపు కాగితం చిరిగి చెయ్యి లోపలికి పోయింది. లోపల మనిషి ఉలకలేదు, పలకలేదు. ఫుమియె కాగితాన్ని చెర్రీ పువ్వు ఆకారంలో కత్తిరించి ఆ చిరుగు మీద అతికించింది. చిరిగిన తలుపుకి అక్కడ అందరూ చేసే వైద్యమే అది. ఆ నడవాలో నడిచినప్పుడల్లా ఇసావోకి ఆ పువ్వు కళ్ళలో గుచ్చుకుంటూనే ఉంటుంది.

ఫుమియెకి కొడుకు మొహం కనబడదు గాని పళ్ళెం కనబడుతుంది. ఆ పళ్ళెమే ఆవిడకి వాడి ఆరోగ్యం చెప్తుంది. వానాకాలం మొదలయ్యాక వాడికి ప్రాణమైన ముల్లంగి ఊరగాయ ముట్టుకోకుండా తిరిగి రాసాగింది. తర్వాత కాల్చిన చేప రాసాగింది. అక్కడి అలవాటు ప్రకారం అన్నంలో వేడి టీ పోసి, నమలకుండా జుర్రుకున్నట్టు గిన్నె అంచున గుర్తులు. తర్వాత ఫ్రిజ్‌లో గడ్డకట్టిన బఠాణీల సంచీ మాయమైంది. ఆ గదిలో వాడు బఠాణీలతో వంట చేసుకుంటాడా? దవడకి ఆనించుకోవడానికి కాకపోతే.

"పన్ను," అంది ఫుమియె భర్తతో. "చీము పట్టుంటుంది. మూలుగుతున్నాడు కూడా."

తలుపు దగ్గర కూర్చుని ఎంత బతిమాలినా జవాబు రాలేదు. పళ్ళ డాక్టరు దగ్గరికి ఆవిడే వెళ్ళి అడిగింది. కుర్చీ, మిషనూ ఇంటికి తీసుకురాలేనని, వాపు అశ్రద్ధ చేస్తే దవడలోకి, అక్కణ్ణించి మెడలోకి దిగుతుందని, ఎలాగైనా తీసుకురమ్మని ఆయన చెప్పాడు. ఆసుపత్రి ఎంతో దూరం లేదు, వాళ్ళ సందు చివరే. కానీ ఆ సందులో ఎదురింట్లో ఒకబె గారని ఒకావిడ ఉంటుంది. ఆవిడ చీపురు తెల్లారగట్ల మొదలైతే ఎవరు ఎటు వెళ్ళారో, చేతిలో సంచీ ఎంత బరువుందో కూడా ఊడ్చి కుప్ప పెడుతుంది. నాలుగేళ్ళుగా ఫుమియె ఆవిడకి, కొడుకు ఒసాకాలో బాగున్నాడనే చెప్తోంది.

తలుపు విరగ్గొట్టి వాణ్ణి భుజాన వేసుకుని తీసుకెళ్తానని లేచాడు ఇసావో.

"ఈసారి అతికించడానికి నా దగ్గర పూలు లేవు," అంది ఫుమియె.

ఆయన మళ్ళీ కూర్చున్నాడు.

అలా ఏం చెయ్యాలో తోచక, చెయ్యకుండా ఉండలేక, అల్మారాలు సర్దుతూ ఉంటే పరుపుల వెనక ఒక అట్టపెట్టె దొరికింది. షూహే బడి రోజుల్లో ఆడుకున్న వీడియోగేమ్ యంత్రం. తీగలన్నీ చక్కగా చుట్టి, రబ్బరు బ్యాండ్లు వేసి ఉన్నాయి. అంత పొందిగ్గా చుట్టడం తనకే వచ్చనుకునేవాడు ఇసావో. లోపల ఒకే ఒక ఆట ఉంది, పేరు 'పొగమంచు కొండ'. ఆ రోజుల్లో డ్యూటీ నించి వచ్చేసరికి కొడుకు దీని ముందే ఉండేవాడు. చదువుకోమని ఒక మాట విసిరి స్నానానికి పోవడమే తప్ప, ఏమాడుతున్నావని ఒక్కనాడూ అడగలేదు. తన బండిలో ప్రతి మేకూ తెలిసిన మనిషికి, కన్నకొడుకు ఇష్టపడ్డ వస్తువు ఒక్కటీ తెలియదు.

టీవీ ఉన్న గదిలో, తతామి చాప మీద, యంత్రాన్ని బిగించాడు. ఆ గది నడవా చివరికే తెరుచుకుంటుంది; దానికీ షూహే గదికీ మధ్య అడ్డం పువ్వు అతికించిన ఆ తలుపే. రైల్వే మనిషి గనక పుస్తకం చదవకుండా మీట ముట్టుకోడు. ఆటతో వచ్చిన చిన్న పుస్తకంలో 'మొదలుపెట్టే ముందు జాగ్రత్తలు' అన్న పేజీని రెండుసార్లు చదివి ఎర్ర పెన్సిలుతో గీతలు గీశాడు. తెరకి దూరంగా కూర్చోవాలి, మధ్యమధ్య కళ్ళకి విశ్రాంతి ఇవ్వాలి. బొమ్మలో ఉన్నవాడు చెవులకి హెడ్‌ఫోన్లు తొడుక్కుని నోటి ముందు మైకు పెట్టుకుని ఉన్నాడు కాబట్టి పెట్టెలో దొరికిన మైకుని యంత్రానికి తగిలించి తనూ పెట్టుకున్నాడు. ఉద్యోగానికి సరంజామా పూర్తిగా ఉండాలి. మిగతా పేజీలు ఆట తీరు గురించే కదా, ఆడుతుంటే తెలుస్తాయిలే అని వదిలేశాడు.

ఆటలో జింపాచి అని ఒక వార్తాహరుడు. శత్రువులు చుట్టుముట్టిన కొండ దాటి అవతలి కోటకి కబురు చేర్చాలి. వాడు వీరుడు కాడు. ఒకడితో కలబడితే పదిమంది వస్తారు. అందుకని గడ్డిలో పడుకోవాలి, రాయి చాటున నక్కాలి, ఊపిరి బిగబట్టాలి. అలాగని పడుకునే ఉంటే ఆకలేస్తుంది. కడుపు గుర్రుమంటే ఆ చప్పుడు సైనికులకి వినబడుతుంది. కాబట్టి వాగులో కప్పల్ని పట్టుకోవాలి, దుంపలు తవ్వుకోవాలి, దెబ్బ తగిలితే ఆకుపసరు పూసి కట్టు కట్టుకోవాలి.

ఇసావో జింపాచిని ఒక బండరాయి చాటుకి జాగ్రత్తగా నడిపించాడు. అక్కడ ఆగి, అలవాటు ప్రకారం తెర మీదికి వేలు చూపించి, ప్లాట్‌ఫారం అంతా వినబడే గొంతుతో, "కుడి, ఖాళీ. ఎడమ, ఒక సైనికుడు. ముందు దారి, ఖాళీ," అన్నాడు.

కొండ మీదున్న సైనికులందరూ ఒక్కసారి తల తిప్పారు. జింపాచి ప్రాణం పోయింది.

మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అదే రాయి, అదే మాట, అదే చావు. ఆ వేళంతా అంతే, మర్నాడూ అంతే. మెల్లగా పాకాడు, ఇంకా మెల్లగా పాకాడు. సైనికుడు అటు తిరిగేదాకా కదలకుండా పడుకున్నాడు. అన్నీ సరిచూసుకుని "ముందు దారి, ఖాళీ" అనగానే పిలిచినట్టు వచ్చి పొడిచి పోయేవారు. పుస్తకంలో చెప్పినట్టు మధ్యమధ్య కళ్ళు మూసుకుని విశ్రాంతి తీసుకుని మరీ చంపించాడు. పక్కన బట్టలు మడతపెడుతూ ఫుమియె, ఆ సైనికులకి మీ మీద పూర్వజన్మ పగేదో ఉందని తేల్చేసింది.

మూడో రోజో నాలుగో రోజో, అలాగే జింపాచి చచ్చిపోయాక, తలుపు అవతల చిన్న చప్పుడైంది. ముక్కుతో గాలి వదిలినట్టు. నవ్వు కాదు గాని నవ్వుకి దగ్గరి చుట్టం. మడతపెడుతున్న తువ్వాలు మీద ఫుమియె చెయ్యి ఆగిపోయింది.

ఇసావో గమనించలేదు. మళ్ళీ రాయి చాటుకి చేరి వేలు ఎత్తాడు.

"నాన్నా," అంది తలుపు వెనక ఒక గొంతు. చాలాకాలం వాడని తలుపు తెరుచుకున్నట్టు కీచుగా ఉంది. "ఆ మైకు తీసెయ్. నువ్వు మాట్లాడేది ఆ సైనికులకి వినబడుతుంది."

నాలుగేళ్ళ తర్వాత కొడుకు తండ్రితో అన్న మొదటి మాట ఇది.  ఇసావో తల తిప్పబోతే, వద్దు వద్దని ఫుమియె తువ్వాలు ఊపింది. ఆయన తెర వైపే చూస్తూ, మైకు తీసి చాప మీద పెట్టాడు.   దాని వైపు వేలు చూపించి, "మైకు, తీసి ఉంది," అన్నాడు.

ఆ రోజు జింపాచి ఆ రాయిని దాటాడు.

తర్వాతి రోజుల్లో తలుపు వేలెడు సందు తెరుచుకుని ఉండేది. ఇసావో ఆ సందు వైపు చూడకుండా ఉండటానికి మెడ పట్టేసేంతగా తెరకి కళ్ళప్పగించేవాడు. అప్పుడప్పుడు మాటలు వచ్చేవి, పొదుపుగా. వాగు అవతల కప్పలున్నాయని, కుక్క మొరిగితే కదలొద్దని, వాన పడుతున్నప్పుడే నడవమని, అడుగుల చప్పుడు వాన మింగేస్తుందని. ఎన్నాళ్ళో ఆ కొండ మీద తిరిగినవాడి మాటలవి.

ఆడుతున్నకొద్దీ ఇసావోకి ఒక సంగతి అర్థం కాసాగింది. దాక్కోవడమంటే పనిలేనివాడు చేసే పని అనుకున్నాడు ఇన్నాళ్ళూ. కానీ జింపాచి వెంట కాసేపు గడ్డిలో పడుకునేసరికే తన భుజాలు బిగుసుకుపోతున్నాయి, నోరు ఎండిపోతోంది. ఎవరు ఏ వేళ ఎటు చూస్తారో మొత్తం గుర్తుంచుకోవాలి. ఆకలేసినా చప్పుడు చెయ్యకూడదు. డ్యూటీ రోజుల్లో కూడా ఇంత అలిసిపోలేదు. ఆట ఆపాక ఆయన లేచి టీ తాగుతాడు. ఆ గదిలో ఉన్నవాడికి ఆపడానికి మీట ఏదీ?

కొండ నడుమ ఒకచోట జింపాచి కాలికి బాణం గీసుకుపోయింది. ఇసావో పట్టించుకోలేదు. తను జ్వరంతో బండి నడిపాడు, విరిగిన వేలితో నడిపాడు. ఆ మాత్రం ఓర్చుకోలేడా అని ముందుకే నడిపించాడు. కాస్త దూరం పోయేసరికి గాయం చెడి జింపాచికి జ్వరమొచ్చింది, తూలాడు, మూలిగాడు. మూలుగు విని సైనికుడు వచ్చాడు.

"ఓర్చుకుంటే గాయం మానదు నాన్నా," అంది సందులోంచి గొంతు. "కట్టు కట్టాలి. లేకపోతే ఎంత బాగా దాక్కున్నా ఆ మూలుగే పట్టిచ్చేస్తుంది."

అప్పుడు నోరు మూసుకుని ఉండాల్సింది. పక్కన ఫుమియె కళ్ళతో చెప్తూనే ఉంది. కానీ ఇసావో నోరు ఆయన చెప్పుచేతల్లో ఎప్పుడుంది గనక?

"మరి నీ పన్ను సంగతేంటి?" అన్నాడు.

తలుపు సందు మూసుకుపోయింది.

 ఫుమియె, సిగ్నల్ పచ్చగా ఉండగానే పట్టాలు తప్పించిన ఘనుణ్ణి మిమ్మల్నే చూశానని మెల్లగా అని, వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ రాత్రి గంజి పెట్టిన పళ్ళెం పెట్టింది పెట్టినట్టే తిరిగొచ్చింది. పొద్దుటిదీ అంతే. మంచినీళ్ళు మాత్రం తాగాడు. ఫుమియె నిండు గిన్నె చేత్తో పట్టుకుని నడవాలో నిలబడిపోయింది. ఆవిడ ఏడవలేదు. ఏడిచినా బాగుండేది.

ఇసావో మళ్ళీ టీవీ ముందు కూర్చున్నాడు. అంతకన్నా చేతనైన పని ఆయనకి లేదు. బయట వాన ఏకధారగా పడుతోంది. జింపాచి కొండ కనుమ దగ్గరికొచ్చాడు. అటూ ఇటూ సైనికులు, మధ్యలో మోకాలెత్తు గడ్డి. పాకుతూ వెళ్ళేవాడికి నేల తప్ప ఏమీ కనబడదు. ఇసావో రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ చంపించి, మూడోసారి గడ్డిలో పడుకోబెట్టి కంట్రోలర్ ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర మీద జింపాచి వీపు ఊపిరికి లేస్తూ పడుతూ ఉంది.

"జింపాచీ," అన్నాడు ఆ వీపుతో. "నువ్వు పనిలేక పడుకున్నావనుకున్నానురా. ఇంత కష్టమని నాకు తెలీదు. ఊపిరి బిగబట్టి ఇన్నాళ్ళు ఎలా ఉన్నావురా నువ్వు? నేనేమో నీ గడ్డి దగ్గరికొచ్చి అరిచాను. మైకు పెట్టుకుని మరీ అరిచాను."

 అరచేత్తో కళ్ళు తుడుచుకున్నాడు. ఆయన కన్నీళ్ళు పెట్టుకుంటుంటే చూసినవాళ్ళు ఆ లైను మొత్తం మీద ఎవరూ లేరు.

తలుపు పక్కకి జరిగింది. వేలెడు కాదు, మనిషి పట్టేంత.

ఇసావో తల తిప్పలేదు. మెడలో నరాలన్నీ అటు లాగుతున్నా తిప్పలేదు. తెరలోని సైనికుడు అటు తిరిగి ఉంటేనే జింపాచి కదులుతాడని ఆయన నేర్చుకున్నాడు. చాప మీద అడుగులు, పక్కన ఎవరో కూర్చున్న కదలిక, కంటి చివర భుజాల దాకా పెరిగిన జుట్టు, దవడకి ఆనించుకున్న బఠాణీల సంచీ. బఠాణీలు ఎప్పుడో కరిగిపోయాయి. ఎముకలు లెక్కపెట్టొచ్చన్నట్టున్న ఒక చెయ్యి ముందుకు వచ్చింది.

"ఇటివ్వు," అన్నాడు షూహే ముద్దముద్దగా. "నేను పాకుతాను. నువ్వు చూసి చెప్పు."

ఇసావో కంట్రోలర్ ఇచ్చేసి, నడుం నిటారుగా చేసుకుని కూర్చుని, వేలు ఎత్తాడు. ఈ పని ఆయనకి వచ్చు. కుడి సైనికుడు వెనక్కి తిరిగాడు. ఎడమ సైనికుడు ఆగాడు. ఎడమ, ఆగాలి, ఆగాలి. కుడి, ఖాళీ. ఎడమ, ఖాళీ. ముందు దారి, ఖాళీ. గొంతు పగిలేలా చెప్తున్నా ఆ కొండ మీద ఎవరికీ వినబడలేదు, పక్కనున్న ఒక్కడికి తప్ప. షూహే వేళ్ళు ఆ మాటకి తగ్గట్టు కదిలాయి, ఆగాయి, కదిలాయి. కనుమ దాటేశారు.

వంటింటి గుమ్మంలో ఫుమియె ఏప్రాన్ అంచు నోట్లో కుక్కుకుని నిలబడింది. తర్వాత ఏమీ జరగనట్టు గంజి వేడిచేసి తెచ్చింది. పళ్ళెం తలుపు ముందు పెట్టలేదు. బల్ల మీద మూడు గిన్నెలు పెట్టింది. షూహే నొప్పి లేని కుడి పక్క నించి మెల్లగా మింగాడు.

గిన్నె సగం అయ్యాక, వాడు గంజిలోకి చూస్తూ, డాక్టరు దగ్గరికి వెళ్ళే దారిలో ఎంతమంది ఉంటారని అడిగాడు.

ఇక ఫుమియెని పట్టగలవాళ్ళు లేరు. ఏ వేళకి బడిపిల్లలు వెళ్తారో, చేపల బండివాడు ఎప్పుడొస్తాడో, మూలింటి తాతగారు కుక్కని ఎప్పుడు తిప్పుతారో అంతా ఆవిడకి కంఠతా వచ్చు. అన్నిటికన్నా కష్టం ఒకబె గారి చీపురు. కానీ పొద్దున టీవీలో ధారావాహిక మొదలవుతుందనగా ఆవిడ చీపురు గోడకి ఆనించి లోపలికి పోతుంది, అయ్యేదాకా భూకంపం వచ్చినా బయటికి రాదు. ఆ కాస్త సేపట్లో సందు దాటెయ్యాలి. డాక్టరు గారు ఆసుపత్రి తెరిచే వేళకి ముందే చూస్తానని ఒప్పుకున్నాడు. వాన పడితే ఇంకా మంచిది, గొడుగులో మొహం దాగుతుంది. తండ్రి ముందు నడిచి దారి చూసి చెప్పాలి, కొడుకు వెనక రావాలి.

మర్నాడు వాన పడింది. ఇసావో సొరుగులోంచి డ్యూటీ తెల్ల చేతితొడుగులు తీసి వేసుకున్నాడు. ఫుమియె ముడత పడ్డచోట లాగి సరిచేసింది. షూహేకి గుమ్మంలో చెప్పుల్లో కాళ్ళు పెట్టడానికి చాలాసేపు పట్టింది. పాదాలు మెత్తబడిపోయాయి. తువ్వాలు దవడకి అదుముకుని తండ్రి వీపు వెనక నిలబడ్డాడు. వాడి ఊపిరి ఇసావో మెడకి తగులుతోంది.

ఎదురింట్లోంచి ధారావాహిక పాట వినబడింది. ఇసావో గేటు తీసి సందులోకి అడుగుపెట్టాడు. తెల్లటి వేలు లేచింది. మెల్లగా చెప్పాలని రాత్రంతా అనుకున్నాడు. కానీ ఆ చేతితొడుగు వేసుకున్న వేలు లేస్తే, ఆ గొంతు ప్లాట్‌ఫారం గొంతే అవుతుంది.

"కుడి, ఖాళీ. ఎడమ, ఖాళీ."

సందంతా మోగిపోయింది. ఎదురింటి గేటు గడియ టక్కుమంది.

ఒకబె గారు గొడుగైనా లేకుండా, ఏంటా కేక అన్నట్టు బయటికొచ్చేసింది.  మైకు తీసేసినా నోరు పోలేదే. వెనక ఊపిరి చప్పుడు ఆగిపోయింది. ఇంకో అడుగు వెనక్కి పడితే చాలు, ఆ తలుపు మళ్ళీ ఎన్నేళ్ళకి తెరుచుకుంటుందో. ఒకబె గారు తెల్ల చేతితొడుగుల వైపు చూసింది. ఆయన భుజం వెనకున్న జుట్టు వైపు, తువ్వాలు వైపు, ఒసాకాలో బాగున్నాడని నాలుగేళ్ళుగా విన్న కుర్రాడి వైపు చూసింది.

తర్వాత వెనక్కి తిరిగింది. వీధిలో పిల్లి వెళ్ళినా ఎక్కడికని అడిగే మనిషి, వాళ్ళకి వీపు పెట్టి, తన గోడ పక్క అజిసాయి పూల మొక్క మీదికి వంగింది. నిండు వానాకాలంలో నీలంగా విరగబూసిన ఆ మొక్కకి ఎండుటాకు ఒక్కటీ లేదు. లేని ఆకుల్ని ఆవిడ ఒక్కొక్కటే వెతికి ఏరసాగింది. వాన ఆవిడ నెత్తి మీద, ఏప్రాన్ ముడి మీద పడుతోంది. చూసి కూడా చూడనట్టు ఉండటం ఆ ఊళ్ళో ఒకరికొకరు చేసుకునే పెద్ద మర్యాద. తాగి ఇంటికొచ్చేవాడికి చేస్తారు, ఏడుస్తూ వెళ్ళే కోడలికి చేస్తారు. ఆ మర్యాద తన ఇంటికి కూడా దొరుకుతుందని ఇసావో ఎన్నడూ అనుకోలేదు. అడగాలని కూడా తోచలేదు.

ఆవిడ ఇటు తిరగలేదు. వాళ్ళు కదిలేదాకా తిరిగేలా లేదు.

ఇసావో తెల్లటి వేలు సందు చివరికి చూపించాడు. ఈసారి గొంతు దానంతటదే తగ్గిపోయింది.

"ముందు దారి, ఖాళీ."

 వెనక నించి, వాచిన నోటితో, ముద్దముద్దగా, ఒక గొంతు తిరిగి పలికింది.

"ముందు దారి, ఖాళీ."

ఇసావో గొడుగు కాస్త వెనక్కి వంచి పట్టుకుని అడుగు వేశాడు.